గుమాస్తా ఇల్లు మారిన రోజు

మేస్త్రి పని జనాల ఇళ్ళు మార్పించడం. అద్దాల బీరువాలను ఇరుకు మెట్ల మలుపుల్లో నిలువుగా తిప్పి దించాడు. ఒకావిడ ప్రాణంగా చూసుకునే పింగాణీ బొమ్మల అలమరాను బొమ్మలతో సహా ఎత్తుకెళ్ళి, ఒక్క బొమ్మ మొహం కూడా పక్కకి తిరగకుండా దించి వచ్చాడు. ఇంతవరకూ అతని చేతిలో కప్పు చెవి కూడా విరగలేదు. ఆ సంగతి అతనే చెప్పుకుంటాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటాడు. అలాంటి మనిషి తన ఇల్లే మారే రోజు పొద్దున, చల్లారిపోయిన టీ గ్లాసు పట్టుకుని, ముందుగదిలో అత్తగారి గాజుతొట్టె పక్కన కదలకుండా నిలబడ్డాడు.

అత్తగారు నేలమీద బోర్లా పడుకుని ఉంది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కూతురు, అంటే మేస్త్రి భార్య, తెచ్చిచ్చిన భూతద్దం తొట్టెకి ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"కళ్ళొచ్చాయి" అంది.

"ఎవరికండీ?"

"గుడ్లకి. వెండిరంగు తిరిగాయి. ఇవాళ చీకటి పడ్డాక పుట్టేస్తాయి బాబూ. ఇవాళే."

ఆవిడ లేచి కూర్చుంది. మొహం చూస్తే మొదటి జీతం అందుకున్న పిల్లలా ఉంది. మేస్త్రికి ఒక పక్క ఆవిడ సంబరం అంటుకుంది, ఇంకో పక్క కళ్ళు గుమ్మం వైపు వెళ్ళాయి. వీధిలో తన లారీ సిద్ధంగా నిలబడి ఉంది. సగం సామాను అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయింది. ఈ ఇంట్లోకి దిగేవాళ్ళ మంచాలూ కుర్చీలూ మధ్యాహ్నానికల్లా గుమ్మం ముందు ఉంటాయి. ఆపడానికి లేదు, వాయిదా వెయ్యడానికి అసలే లేదు.

ఆ తొట్టె గురించి నాలుగు మాటలు చెప్పాలి. మరీ పెద్దదేం కాదు, చిన్న టీవీ అంత ఉంటుంది. అందులో ఉన్నది మామూలు నీళ్ళు కావు, ఉప్పునీళ్ళు. అడుగున ఇసక, నాలుగు రాళ్ళు, వేళ్ళు ఆడించే ఒక సముద్రపు పువ్వు, ఆ పువ్వు సందుల్లో రెండు చేపలు. ఒళ్ళంతా నారింజ రంగు, మీద తెల్ల పట్టీలు. పెద్దది ఆడది. దాని పేరు దొరసాని. చిన్నది మగవాడు, వాడి పేరు గుమాస్తా. గుడ్లు పెట్టి పక్కకి తప్పుకోవడం దొరసాని పని. వాటిని రాత్రింబవళ్ళు రెక్కలతో విసురుతూ, నోటితో తుడుస్తూ కాపలా కాయడం గుమాస్తా పని. "సెలవు లేని ఉద్యోగం, పాపం" అంటుంది అత్తగారు.

ఆవిడ స్వయంగా సెలవుల్లేని ఉద్యోగం చేసింది. ఉద్యోగమంతా బస్సు కండక్టరే. తను తిరిగే దారిలో ఒక స్టాపు ఎదురుగా చేపల దుకాణం ఉండేది. అక్కడ బస్సు ఆగిన కాసేపూ కిటికీలోంచి ఆ నీలం వెలుగు చూసేది. రిటైరైన మర్నాడు అదే బస్సెక్కి, టికెట్టు కొనుక్కుని, మొదటిసారి ఆ స్టాపులో దిగింది. వచ్చేటప్పుడు ఒళ్ళో దొరసాని, గుమాస్తా.

ఇదివరకు మూడుసార్లు గుడ్లు పెట్టాయి. మూడుసార్లూ మధ్యలోనే పోయాయి. ఒకసారి తలుపు గట్టిగా కొట్టుకుంది, ఇంకోసారి పక్కింట్లో గోడకి మేకులు కొట్టారు, మూడోసారి ఎందుకో తెలియదు. భయపడ్డాడంటే గుమాస్తా తన గుడ్లు తనే మింగేస్తాడు. వాడి జాతే అంత. మూడుసార్లూ అత్తగారు ఆ పూట అన్నం మానేసింది, ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగోసారి పెట్టిన గుడ్లు ఇవి. ఒక కుండపెంకు మీద, బొటనవేలంత మేర, వత్తుగా అంటుకుని ఉన్నాయి. కళ్ళు వెండిరంగు తిరిగేదాకా వచ్చినవి ఇవే.

"నాది పూచీ అత్తయ్యా" అన్నాడు మేస్త్రి.

అనవసరంగా అన్నాడు. కానీ ఆవిడ మొహం చూశాక ఇంకోలా అనడం ఎవరి తరమూ కాదు.

"చూడండి అల్లుడుగారూ" అంది ఆవిడ. మామూలుగా బాబూ అనే మనిషి అల్లుడుగారూ అందంటే ఆ తర్వాత వచ్చేది ఆజ్ఞ అని ఇంట్లో అందరికీ తెలుసు. "మీరు గాజు పగలకుండా మొయ్యగలరు, నాకు తెలుసు. ఇక్కడ మొయ్యాల్సింది గాజు కాదు. వాడి ధైర్యం."

ఆవిడ ఏర్పాట్లన్నీ ముందురోజే చేసి పెట్టుకుంది. తొట్టెలో ఇసక కదిలిందంటే అడుగున మగ్గిన చెత్తంతా లేచి పాత నీళ్ళు విషమైపోతాయి. అందుకని సముద్రపు ఉప్పు పొడి తెచ్చి, రెండు డ్రమ్ముల నిండా కొత్త ఉప్పునీళ్ళు కలిపి, పైన గుడ్డ కప్పి వెనక వరండాలో పెట్టింది. గుమాస్తా, కుండపెంకు ఒక మూతపెట్టెలో. చిరాకొస్తే కనిపించినదాన్నల్లా కరిచే దొరసానికి వేరే డబ్బా. పువ్వుకీ రాళ్ళకీ ఇంకోటి. పెట్టెలో బుడగలు రావడానికి బ్యాటరీతో నడిచే చిన్న గాలిమోటారు. చివరగా, పాత కండక్టరు తోలుసంచీ. అందులో ఆకుపచ్చ నీళ్ళ సీసా ఒకటి ఉంది. పుట్టబోయే పిల్లలకు పెట్టే తిండి అది. కంటికి కనిపించని పురుగులు. ఆ సంచీ నెల రోజులుగా ఆవిడ భుజం దిగలేదు.

మేస్త్రి ముఠా గుమ్మంలోకి వచ్చింది. ముఠా అంటే ఇద్దరే. తాళ్ళు కట్టడంలో, ఏ పెట్టె ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడంలో తిరుగులేని తాళ్ళబాబాయి ఒకడు. రెండోవాడు పహిల్వాన్. గాలేస్తే పడిపోయేలా ఉంటాడు కాబట్టి ఆ పేరు. కానీ బరువు మోస్తే ఎద్దు. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడంలో అంతకు రెండింతలు ఎద్దు.

పని మొదలుపెట్టే ముందు మేస్త్రి రోజూ ఒక ఉపన్యాసం ఇస్తాడు. ఏళ్ళ తరబడి అదే ఉపన్యాసం. బరువైనవి ముందు, గాజు చివర. తలుపుల తాళాలు జేబులో కాదు, మెడలో. ఇక అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. లారీలోకి చుక్క నీరు ఎక్కకూడదు. బకెట్టు కానీ, బిందె కానీ, డ్రమ్ము కానీ, నీళ్ళు కనిపిస్తే పారబొయ్యాలి, పొడిగుడ్డతో తుడవాలి, బోర్లించి ఎక్కించాలి. ఒక్క చెంబెడు నీళ్ళు ఒలికితే ఇంటిల్లిపాది పరుపులూ పాడవుతాయి.

ఆ పొద్దున కూడా, మనసంతా కుండపెంకు మీదే ఉన్నా, నోరు అలవాటు కొద్దీ ఆ ఉపన్యాసం మొత్తం అప్పజెప్పేసింది. పహిల్వాన్ ఎప్పటిలాగే శ్రద్ధగా తలూపాడు.

పదకొండు కాకముందే ఇల్లు బోసిపోయింది. అత్తగారు స్టూలు మీద కూర్చుని, మోచేతుల దాకా చేతులు తొట్టెలో పెట్టి, కుండపెంకును నీటిలోంచి బయటకి రానివ్వకుండా గిన్నెలోకి జార్చుకుంది. దాని వెంటే గుమాస్తా కూడా గిన్నెలోకి వచ్చేశాడు. ఎవరూ తరమలేదు. గుడ్లు ఎటు వెళ్తే వాడు అటే.

"చూశారా, ఎలా వచ్చాడో" అంది ఆవిడ. గిన్నె మీద చెయ్యి మూతలా అడ్డం పెట్టింది.

మూతపెట్టె నిండింది. గాలిమోటారు గుర్రుమంది. మేస్త్రి తన వృత్తి విద్యంతా చూపించాడు. సామాన్లకు చుట్టే నల్ల కంబళ్ళు రెండు తెచ్చి, పెట్టె చుట్టూ చుట్టి, మూలలు లోపలికి మడిచి, పైన గాలిగొట్టం మందాన చిన్న సందు మాత్రం వదిలాడు. ఎండ తగలదు, చలి తగలదు, అదురు తగలదు. పెట్టె పసిబిడ్డ పొత్తిళ్ళలా తయారైంది.

తొట్టెలో మిగిలిన మురికినీళ్ళు పారబోశారు. తొట్టె లారీ ఎక్కింది. ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది.

"మీరు ముందు సీట్లో కూర్చోండి" అన్నాడు మేస్త్రి. లారీ అతనే నడుపుతాడు.

"ముందు ఇంజను అదురుతుంది. నేను వెనకే."

"వెనక పట్టుకోవడానికి ఏమీ ఉండదు అత్తయ్యా."

ఆవిడ అల్లుడి వైపు జాలిగా చూసింది. "ఇన్నేళ్ళూ నేను ఏం పట్టుకుని టికెట్లు కొట్టాననుకున్నారు?"

మేస్త్రి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. వెనక మడిచిన పరుపుల మీద అత్తగారు ఠీవిగా కూర్చుంది. ఒళ్ళో కంబళి మూట, భుజాన తోలుసంచీ. పక్కన కూతురు, కూతురి కాళ్ళ మధ్య దొరసాని డబ్బా. లారీ గోడ మీద అత్తగారి అరచెయ్యి రెండుసార్లు చప్పుడు చేసింది.

"రైట్ రైట్."

మేస్త్రి జన్మలో అంత మెల్లగా బండి నడపలేదు. సైకిళ్ళు దాటిపోయాయి. బడి వదిలిన పిల్లలు నడుచుకుంటూ దాటిపోయారు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టి, తర్వాత తిట్టి, ఆ తర్వాత విసుగెత్తి ఊరుకున్నారు. రోడ్డు మీద గుంత కనిపిస్తే చాలు, ఒంటిచేత్తో స్టీరింగు, రెండో చేత్తో సొంత గుండె పట్టుకున్నాడు. అయినా ఒక మలుపులో చక్రం దిగనే దిగింది. లారీ పక్కకి ఒరిగింది. వెంటనే గోడ మీద ఒక్క దెబ్బ.

"హోల్డాన్."

మేస్త్రి దిగి వెనక్కి పరిగెత్తాడు. లోపల బీరువా తాళ్ళు మూలుగుతున్నాయి. అట్టపెట్టెలు ఒక పక్కకి జరిగాయి. కూతురు మంచం కోడు పట్టుకుని వేలాడుతోంది. అత్తగారు మాత్రం పెట్టెను ఒళ్ళోంచి పైకెత్తి, మోకాళ్ళ మీద లేచి, లారీ ఎటు ఒరిగితే దానికి ఎదురు ఒరుగుతూ నిలకడగా ఉంది. మూతలోంచి ఒక్క చుక్క కూడా తొణకలేదు.

"ఏమైందండీ?" అన్నాడు ఆయాసంగా.

"ఏమీ కాలేదు. మీ మొహం ఎలా ఉందో చూద్దామని ఆపాను. పదండి."

ముందు సీట్లోంచి దిగొచ్చిన తాళ్ళబాబాయి పగలబడి నవ్వాడు. మేస్త్రికీ నవ్వొచ్చింది. భయమంతా పోయి, దాని జాగాలో ఏదో పండగలాంటి హుషారు వచ్చి కూర్చుంది. అయిపోయింది, గెలిచేశాం అనుకున్నాడు.

కొత్త ఇల్లు మూడో అంతస్తు. సొంతిల్లు. లిఫ్టు ఉంది కానీ దానికింకా కరెంటు ఇవ్వలేదు. ముందుగదిలో కిటికీకి దూరంగా బల్ల వేసి, తొట్టెను మేస్త్రి స్వయంగా మోసుకెళ్ళి పెట్టాడు. ఇసక పరిచారు, రాళ్ళు పేర్చారు. అత్తగారు పెట్టెను పక్కగది మూలన దించి, కంబళి విప్పకుండా, గాలిమోటారు చప్పుడు చెవిపెట్టి విని వచ్చింది.

"ఇక డ్రమ్ములు తెప్పించండి" అంది.

మేస్త్రి మెట్ల దగ్గరికి వచ్చి కిందికి తొంగిచూశాడు. పహిల్వాన్ పైకి వస్తున్నాడు. ఆ భుజాన ఒక డ్రమ్ము, ఈ భుజాన ఒక డ్రమ్ము. ఈలవేసుకుంటూ, రెండేసి మెట్లు ఎక్కుతూ వస్తున్నాడు.

నిండు డ్రమ్ము ఒక్కటి లేపాలన్నా ఇద్దరు కావాలి.

మేస్త్రి గబగబా రెండు మెట్లు దిగాడు.

"ఒరేయ్ పహిల్వాన్. అందులో నీళ్ళేవిరా?"

"పారబోశాను మేస్త్రీ" అన్నాడు వాడు, మెచ్చుకుంటారని ఆశగా. "రెండుసార్లు తుడిచాను. ఒకటే జిడ్డు, ఉప్పగా. మంచినీళ్ళతో కడిగి మరీ తుడిచాను."

డ్రమ్ములు దించాడు. లోపల అద్దంలా మెరుస్తున్నాయి. మేస్త్రి తిట్టబోయి ఆగాడు. ఏమని తిడతాడు? వాడు తప్పేం చెయ్యలేదు. మేస్త్రి చెప్పిందే చేశాడు, చెప్పినదానికంటే శుభ్రంగా చేశాడు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అత్తగారు. అంతా విన్నట్టే ఉంది. మొహంలో రక్తం లేదు.

"అత్తయ్యా, నేను..."

"చీకటి పడటానికి ఎంతసేపుంది?" అంది ఆవిడ.

"ఉంది. ఇంకా ఎండ ఉంది."

"అయితే మాటలు తర్వాత. మిగిలిన ఉప్పుపొడి ఎక్కడ?"

ఎక్కడో అట్టపెట్టెల్లో. ముందుగది నిండా, నడవా నిండా, మెట్ల మీద కూడా పేర్చిన అట్టపెట్టెలు. అందరూ వాటి మీద పడబోయారు. తాళ్ళబాబాయి చెయ్యి అడ్డం పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. పొద్దుట్నుంచి ఎక్కించిన సామానంతా వరసగా కళ్ళముందు తిప్పుకుంటున్నాడని మేస్త్రికి తెలుసు.

"ఇస్త్రీపెట్టె ఉన్న డబ్బా. దాని కింద పప్పుల డబ్బా. దాని కింద" అని కళ్ళు తెరిచి, నడవాలోకి వెళ్ళి, మూడు పెట్టెలు దించి నాలుగోది విప్పాడు. ఉప్పుపొడి సంచీ చేతికి తగిలింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగిన హడావిడి అంతా ఇంతా కాదు. కొళాయి నీళ్ళు పనికిరావు, వాటిలో కలిపే మందు చేపలకు విషం. వీధి చివర దుకాణంలో తాగునీటి డబ్బాలు అమ్ముతారు. మేస్త్రీ పహిల్వానూ భుజానికో డబ్బా ఎత్తుకుని పరుగు. "ఎవరింట్లోనైనా శుభకార్యమా?" అని దుకాణదారు అడిగాడు. "కాన్పు" అన్నాడు మేస్త్రి, చిల్లర తీసుకోకుండానే. ఆయన నిజమే అనుకుని ఇంకో డబ్బా వద్దన్నా వినకుండా భుజాన పెట్టాడు.

మూడో అంతస్తుకి మోసేసరికి మేస్త్రి డబ్బా దించి గోడకి చేరగిలబడ్డాడు. పహిల్వాన్ మాత్రం ఆగలేదు. తల వంచుకుని, ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. వద్దన్నా ఎక్కుతున్నాడు.

డ్రమ్ములో నీళ్ళు, నీళ్ళలో ఉప్పుపొడి. తాళ్ళబాబాయి మంచం పలకతో కలపడం మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి నొస్తే మేస్త్రి, మేస్త్రి ఆగితే పహిల్వాన్. అత్తగారు నడుముకి కొంగు చుట్టి మధ్యలో నిలబడింది.

"ఆగకండి, తిప్పండి, అడుగున ఉండిపోతుంది. ముందుకు జరగండి, మీరు జరగండి, వెనక ఖాళీ ఉంది, కెటిల్‌కి దారివ్వండి."

కూతురు కెటిల్లో నీళ్ళు మరగబెట్టి కొంచెం కొంచెం పోస్తోంది. వేడి చాలిందో లేదో అత్తగారు మోచెయ్యి ముంచి చూస్తోంది. ఉప్పు చాలిందో లేదో చూడటానికి చిన్న గొట్టం ఒకటుంది. ఒక చుక్క వేసి, వెలుగు వైపు పెట్టి, లోపల గీత చదవాలి. ఆ పని కూతురిది. రోజంతా కళ్ళద్దాల గీతలు చూసే కళ్ళు అవి.

"ఎక్కువైంది" అంది కూతురు.

నీళ్ళు పోశారు.

"ఇప్పుడు తక్కువ."

ఉప్పు వేశారు. తిప్పారు. అందరికీ చెమటలు కారుతున్నాయి. కిటికీలో ఎండ పసుపయింది, ఎర్రనయింది. మేస్త్రి పెదాలు తడుపుకుంటే అవీ ఉప్పగానే ఉన్నాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరి సామాను కోసమూ అతని ప్రాణం ఇంతలా కొట్టుకోలేదు. కష్టంగా ఉంది, చెప్పొద్దూ, సరదాగా కూడా ఉంది.

"ఆగండి" అంది కూతురు. గొట్టం కన్ను మీంచి తియ్యకుండా ఇంకోసారి చూసింది. "సరిపోయింది అమ్మా. గీత మీదుంది."

అత్తగారు కూతురి బుగ్గ మీద తడిచేత్తో ఒక్కసారి తట్టింది.

తొట్టెలో నీళ్ళు పోసేసరికి గదిలో మసకపడింది. పైన బల్బు ఇంకా బిగించలేదు, బిగించినా ఆవిడ వెయ్యనిచ్చేది కాదు. దొరసానిని వదిలారు, పువ్వును వదిలారు. పక్కగదిలో మూల కూర్చుని కంబళి కొంచెం తొలగించి, చీకట్లో తడుముకుంటూ అత్తగారు గుమాస్తాని ఒక కప్పులోకి, కుండపెంకును గిన్నెలోకి తీసుకుంది. గుడ్ల వైపు చూడలేదు. చూడాలంటే భయమేసింది. తల తిప్పుకునే తెచ్చి తొట్టెలో పువ్వు పక్కన ఆనించింది. ఆ తర్వాత అందరూ నేలమీద కూర్చున్నారు.

కొత్తనీళ్ళు తెల్లగా మసకబారి ఉన్నాయి. మెల్లగా తేరుకున్నాయి. అత్తగారు టార్చికి ఎర్రగుడ్డ చుట్టి, వెలిగించి, కుండపెంకు మీదికి పట్టింది.

పెంకు బోసిగా ఉంది. ఒక్క గుడ్డు కూడా లేదు.

గుమాస్తా దాని ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఏదో పోగొట్టుకున్నవాడిలా ఇసకలో వెతుకుతున్నాడు.

"తినేశాడు" అంది అత్తగారు.

టార్చి ఆర్పేసింది. చుట్టిపెట్టిన తివాచీ మీద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని మేస్త్రికి అనిపించింది. "గుంతలో దిగినప్పుడే అయ్యుంటుంది" అంది. "లేకపోతే మెట్ల మీద. ఎన్నిసార్లు భయపడ్డాడో పాపం. వాడిననడానికి లేదు." ఆ ఆఖరి మాట గుమాస్తా గురించి అన్నదో పహిల్వాన్ గురించి అన్నదో మేస్త్రికి అర్థం కాలేదు. నాది పూచీ అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. కప్పు చెవి విరగలేదని ఇక జన్మలో ఎవరికీ చెప్పుకోకూడదనుకున్నాడు.

తాళ్ళబాబాయి చప్పుడు చెయ్యకుండా తాళ్ళు చుట్టుకుంటున్నాడు. పహిల్వాన్ ఖాళీ డబ్బాలు ఏరుతూ పక్కగదిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు గుమ్మం దాకా తిరిగి వచ్చి నిలబడ్డాడు.

"మేస్త్రీ. ఆ పెట్టెలో నీళ్ళున్నాయి. పారబొయ్యాలా, ఉంచాలా?"

"పారబొయ్యి" అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా.

పహిల్వాన్ కదల్లేదు.

"పారబొయ్యమంటారా?"

"చెప్పానుగా."

"అది కాదు మేస్త్రీ. మీరొకసారి చూసి చెప్పండి. చూడకుండా నేనింక పొయ్యలేను."

చెప్పిన మాట దాటని మనిషి అలా అనేసరికి మేస్త్రికి మనసు చివుక్కుమంది. లేచాడు. పక్కగది మూలలో కంబళి సగం విప్పిన పెట్టె అలాగే ఉంది. హడావిడిలో గాలిమోటారు ఎవరూ ఆపలేదు. గుర్రుమంటూ బుడగలు వదులుతూనే ఉంది. మేస్త్రి మోకాళ్ళ మీద వంగి, జేబులోంచి ఫోను తీసి లైటు వేశాడు.

నీటిలో దుమ్ము ఉంది. ఒలికిన రవ్వలా సన్నటి దుమ్ము. పారబొయ్యమని చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో ఆ దుమ్ము కదిలింది. అంతా కలిసి లైటు వైపు వచ్చింది. ప్రతి రవ్వకీ రెండు వెండి కళ్ళు.

మేస్త్రి లైటు అలాగే పట్టుకున్నాడు. వాటి మీంచి కళ్ళు తియ్యకుండా, పెట్టె పక్క గోడ మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు.

ముందుగదిలో అత్తగారికి అర్థమైంది. ఒక్క దెబ్బంటే బండి ఆపమని. లేచి వచ్చింది. అల్లుడి భుజం పట్టుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది. కూతురు వెనకనుంచి తొంగిచూసి తల్లి నడుం గట్టిగా పట్టుకుంది.

"కంబళి" అంది అత్తగారు, గాలి మాట్లాడినట్టు. "నల్ల కంబళి. మీరు అంత గట్టిగా చుట్టేసరికి చీకటి పడిందనుకున్నాయి. రాత్రయిందనుకుని పుట్టేశాయి."

"అయితే వాడు తినలేదా అండీ?"

"వాడు చివరిదాకా విసురుతూనే ఉన్నాడు. లారీలో, గుంతలో, మెట్ల మీద. అన్నిటినీ పుట్టించి మరీ బయటికొచ్చాడు. నేనే వాడిని అనరాని మాట అన్నాను."

కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ పెట్టెలోకి చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎంతమంది ఎక్కేశారో చూడండి. ఒక్కడి దగ్గరా టికెట్టు లేదు."

పహిల్వాన్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, లోపలికి రావచ్చో లేదో తెలియక. అత్తగారు వాడిని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి పెట్టె ముందు కూర్చోబెట్టింది. వాడు చూశాడు. చూస్తూనే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు, పొరపాటున కూడా దేనికీ తగలకుండా.

"మేస్త్రీ" అన్నాడు. "మరి రేపు వేరేవాళ్ళ ఇంట్లో బకెట్లో నీళ్ళుంటే?"

"అడుగు."

"మీరు పారబొయ్యమంటే?"

"మళ్ళీ అడుగు" అన్నాడు మేస్త్రి. "నేను వెళ్ళి చూసేదాకా అడుగుతూనే ఉండు."

తాళ్ళబాబాయి కంబళ్ళ కోసం వచ్చాడు. రేపటి ఇంటికి అవి కావాలి. పెట్టెలోకి ఒక్కసారి తొంగిచూసి, కంబళి మూలలు తనే మళ్ళీ లోపలికి మడిచి, పహిల్వాన్‌ని తీసుకుని మునివేళ్ళ మీద మెట్లు దిగిపోయాడు.

అత్తగారు తోలుసంచీ భుజం మీంచి తీసింది. నెల రోజుల తర్వాత మొదటిసారి తీసింది. ఆకుపచ్చ నీళ్ళ సీసా మూత విప్పి తను పొయ్యబోయి ఆగింది. అల్లుడి వైపు చూసింది. పక్కకి జరిగి పెట్టె ముందు అతనికి చోటిచ్చింది.

"మీరు పొయ్యండి నాయనా" అని సీసా అల్లుడి చేతికి ఇచ్చింది. "ఒక్కో చుక్కా. తొందరేం లేదు."

ఇన్నేళ్ళూ ఇళ్ళల్లో నీళ్ళు పారబోయించిన మనిషి సీసా రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మొదటి చుక్క వదిలాడు.